పెరడూ అడవీ: రమారమి పగడం

పోయిన ఉగాది సంచికలో ఇదే శీర్షిక కింద బాల్కనీలో గోంగూర పెంచుకోవడం గురించి రాశాను. అది చదివి ఇరవై మందికి పైగా విత్తనాలు అడిగారు. ఆ ఊపులో సంపాదకవర్గం వారు దీపావళి సంచికకి మెంతికూర గురించి రాయమన్నారు. రాద్దామనే కూర్చున్నాను. కానీ పోయిన ఏడాది అక్టోబరులో మా ఇంట్లో జరిగిన ఒక సంగతి అంతకన్నా ముందు చెప్పాలనిపించింది. మెంతికూర ఎక్కడికీ పోదు, ఉగాదికి చూద్దాం.

పిల్లలకి శరత్కాలపు సెలవులు ఇచ్చిన సమయంలో మా అత్తయ్యగారు మా ఇంట్లో ఉన్నారు. ఆవిడది గోదావరి మన్యం అంచున ఒక పల్లె. మూడు నెలల వీసా మీద వచ్చారు. అందులో రెండు నెలలు వంటింటి కిటికీలోంచి ట్రాములు చూడటంతోనే గడిచిపోయాయి. మన ఇళ్లల్లో చాలామంది పెద్దవాళ్ల పరిస్థితి ఇదే కదా. ఒకరోజు ఉన్నట్టుండి, "ఇంత పెద్ద దేశంలో అడవన్నదే లేదా అల్లుడుగారూ?" అని అడిగారు. ఫ్రాంక్‌ఫర్ట్ అనగానే మనకి బ్యాంకుల భవనాలూ విమానాశ్రయమూ గుర్తొస్తాయి గానీ, ఊరికి దక్షిణాన పెద్ద నగరవనం ఉంది, ఉత్తరాన టౌనస్ కొండలున్నాయి. యు3 రైలెక్కి చివరి స్టేషను హోహెమార్క్‌లో దిగితే నాలుగడుగుల్లో చెట్ల నీడలో ఉంటాం. శనివారం పొద్దున్నే పులిహోర పొట్లాలు కట్టుకుని నలుగురం బయల్దేరాం.

అక్కడ బీచ్ చెట్లు ఎక్కువ. ఏనుగు కాలులాగా బూడిదరంగులో నున్నగా ఉండే మాను, కింద మోకాలి దాకా రాలిన ఆకులు. అత్తయ్యగారి నడుంనొప్పి ఆ రోజు ఏమైందో తెలియదు, మా అందరికన్నా ముందు నడిచారు. ఆవిడ వెనకాలే వెళ్తున్న మా అమ్మాయి ఒక చెట్టు మొదట్లో ఆకులు పక్కకి నెట్టి కేక వేసింది. "అమ్మమ్మా, నేలలోంచి పగడాలు మొలిచాయి!"

నిజంగా అలాగే ఉంది. జానెడు ఎత్తున గుబురుగా, ఒకే మొదల్లోంచి కొమ్మలు, కొమ్మల్లోంచి మళ్లీ కొమ్మలు. ఆకుల్లేని చిన్న చెట్టులాగా, సముద్రం అడుగున తీసిన ఫొటోల్లో పగడపు దీవులు కనిపిస్తాయే, అలాగ. గొడుగు లేదు, కాడ లేదు. ఇదీ పుట్టగొడుగు జాతిదేనని నాకు తెలుసు గానీ అంతకుమించి తెలియదు. అలాంటి గుబుర్లు ఆ చుట్టుపక్కల మరో ఐదారు ఉన్నాయి. నేను ఫొటో తీసే లోపల అత్తయ్యగారు నాలుగు గుబుర్లు పీకి, పులిహోర తెచ్చిన ప్లాస్టిక్ సంచీలో వేసేశారు. "కూరకి సరిపోతాయి" అన్నారు.

ఇక్కడ ఆవిడ పక్షాన ఒక మాట చెప్పాలి. పుట్టకొక్కుల విషయంలో ఆవిడకి ఉన్న జ్ఞానం తక్కువది కాదు. తొలకరిలో ఉరుములు ఉరిమిన మర్నాడు తెల్లారకుండానే బుట్ట పట్టుకుని వెళ్లిన మనిషి. మా వేపు పద్ధతి చాలా సులువు: పుట్ట మీద మొలిచింది తినాలి, పేడ మీదా పుచ్చుకట్టె మీదా మొలిచింది కుక్కగొడుగు, ముట్టకూడదు. ఇది మూఢనమ్మకం కాదు. చెదపురుగులు పుట్ట లోపల ఒక రకం బూజుని తోటలాగా సాగుచేస్తాయి. వానలు పడగానే ఆ తోటలోంచే గొడుగు పైకి వస్తుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త రోజే హైమ్ 1942లో ఆ ప్రజాతికి టెర్మిటోమైసెస్ అని పేరు పెట్టాడు, అంటే చెదల బూజు అని. మనవాళ్లు ఎప్పుడో "పుట్టగొడుగు" అన్నారు. రెండు పేర్లలోనూ ఉన్న సంగతి ఒకటే.

కానీ ఆ పద్ధతి పుట్టలున్న చోటే పనిచేస్తుంది. టౌనస్ కొండల్లో చెదపుట్టలు లేవు. ఇక్కడి పుట్టగొడుగులు చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకునో, పుచ్చుకట్టె మీదో, ఆకుల కుప్పలోనో బతుకుతాయి. అంటే మన కొలబద్దకి ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. 2015లో జర్మనీకి కొత్తగా వచ్చిన శరణార్థులు చాలామంది ఇక్కడి విషపు పుట్టగొడుగుని తమ ఊళ్లో తినే రకం అనుకుని వండుకుని ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలు కూడా పోయాయి. వాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. తమ ఊరి జ్ఞానాన్ని నమ్ముకున్నవాళ్లు. ఆ వార్త నాకు గుర్తుంది కాబట్టే సంచీ చేతిలోకి తీసుకున్నాను. ఇంటికి వచ్చాక మా శ్రీమతి నా వైపు, వాళ్లమ్మ వైపు మార్చి మార్చి చూసింది. అత్తగారు ఏరి తెచ్చిన కూర వండనివ్వని అల్లుణ్ణి ఏమంటారో మీకు చెప్పనక్కర్లేదు. "ఎవరినైనా అడిగి వండుకుందాం" అని మధ్యేమార్గం తేల్చాం.

అడగడానికి ఇక్కడ మనుషులున్నారు, ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. జర్మన్ మైకాలజీ సంఘం 1921 నుంచి ఉంది. ఆ సంఘం పరీక్ష పెట్టి అర్హత ఇచ్చిన సలహాదారులు చాలా ఊళ్లలో ఉంటారు. బుట్ట తీసుకెళ్తే ఒక్కొక్కటీ చూసి ఇది తినొచ్చు, ఇది వద్దు అని చెబుతారు. మాకు దొరికినాయన రిటైరైన బడిపంతులు. వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి, కళ్లజోడు సర్దుకుని, సంచీ బోర్లించాడు.

ఒక రాత్రి ప్లాస్టిక్‌లో మగ్గిన సరుకు ఎలా ఉంటుందో ఊహించుకోండి. గోధుమరంగు ముద్ద. ఆయన దాన్ని ఒక పుల్లతో కదిపి, "తాజాగా ఉన్నప్పుడు ఏ రంగు?" అని అడిగాడు. నేను పసుపు అన్నాను. మా శ్రీమతి నారింజ అంది. మా అమ్మాయి గులాబి అంది. అత్తయ్యగారు తెలుగులో, "ముగ్గురివీ తప్పే" అన్నారు. ఏ చెట్టు కింద? మొదలు తెల్లగా ఉందా? గిల్లితే రంగు మారిందా? నేలలోంచి వచ్చిందా, పాతిపెట్టుకుపోయిన కట్టెలోంచి వచ్చిందా? ఒక్కదానికీ మా దగ్గర తిన్నగా జవాబు లేదు. దొంగతనం కేసులో సాక్షుల్లాగా నిలబడ్డాం.

ఆయన చెప్పింది ఇది. ప్రజాతి వరకు సందేహం లేదు, రమారియా. లాటిన్‌లో రామస్ అంటే కొమ్మ, అందులోంచి వచ్చిన పేరు. అందులో ఏ జాతి అంటే ఈ ముద్దని చూసి ఎవరూ చెప్పలేరు. ఒక్కటి మాత్రం ఖాయం, దీన్ని వండొద్దు. ఈ గుంపులో తినేవి కొన్ని ఉన్నా, తింటే వాంతులూ విరేచనాలూ పట్టుకునేవి పక్కనే ఉంటాయి. ఒకదాని పేరు "అందమైన పగడం", చూపుకి ముచ్చటగా ఉంటుంది, కడుపులోకి వెళ్తే పని పడుతుంది. ఇంకోదాన్ని జర్మన్‌లో ఏకంగా "కడుపునొప్పి పగడం" అనే పిలుస్తారు. ఈ మాట తెలుగులో చెప్పగానే అత్తయ్యగారి కోపం సగం దిగింది. "పేరులోనే చెప్పేశారన్నమాట. మంచివాళ్లే" అన్నారు.

మా అమ్మాయి గొడవ వేరు. అది అడవిలోనే ఫోనుతో మూడుసార్లు ఫొటో తీసి పేరు చెప్పమంది. మొదటిసారి ఒక పేరు చెప్పింది, రెండోసారి ఇంకో పేరు, మూడోసారి గుర్తించలేకపోయానంది. దాంతో పిల్లకి నిశ్చయమైపోయింది: ఇది ఎవరూ చూడని కొత్త జాతి. దానికి అమ్మమ్మ పేరు పెట్టాలని రైల్లోనే తీర్మానం కూడా అయింది. పంతులుగారితో ఆ మాట చెప్పేసింది. ఆయన నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "అయినా అయ్యుండొచ్చు. కానీ కొత్తదని చెప్పాలంటే ముందు పాతవాటిలో ఏదీ కాదని చూపించాలి. అందుకు కావలసిన సాక్ష్యం అంతా మీరు సంచీలో ఉడకబెట్టారు" అన్నాడు. పదకొండేళ్ల పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను తల వంచుకున్నాను, సంచీ కట్టింది నేనే మరి.

ఆ తర్వాత ఆయన గంటసేపు చెప్పినదాంట్లో నాకు బాగా పట్టుబడింది ఒక సంగతి. పగడం ఆకారం చూసి మోసపోకూడదు. పగడంలా కొమ్మలు వేసేవన్నీ ఒక కుటుంబం కాదు. రమారియాకి దగ్గర చుట్టాలు కుళ్లువాసన వేసే స్టింక్‌హార్న్ రకాలు. తెల్లగా ఉండే క్లావులీనాకి చుట్టం, ఇక్కడి అంగళ్లలో ఖరీదుగా అమ్మే పసుపుపచ్చ ఫిఫర్లింగ్. పుచ్చుకట్టె మీద మొలిచే, కొమ్మల చివర చిన్న కిరీటాలు పెట్టుకున్న ఆర్టోమైసెస్ ఎర్రటోపీల రుస్సులాల వంశం. పైన్ మొద్దుల మీద జిగటగా మెరిసే కలోసెరా అయితే ఇంకా దూరపుది, జెల్లీలాంటి రకం. మనలో ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు వేరు వేరు గోత్రాల్లో ఉంటారే, అదీ లెక్క. ఇంటిపేరు చూసి చుట్టరికం కలుపుకుంటే పెళ్లిచూపుల దగ్గర గొడవలవుతాయి.

1753లో లిన్నేయస్ క్లావేరియా అన్న పేరు వేసినప్పుడు ఈ గోత్రాల సంగతి ఎవరికీ తెలియదు. కర్రలా ఉన్నదీ కొమ్మలా ఉన్నదీ చాలావరకు అందులోకే చేరింది. దాన్ని విడదీయడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. సింగపూర్ వృక్షోద్యానంలో పనిచేసిన ఇంగ్లీషు శాస్త్రవేత్త కార్నర్ ఈ మొత్తం గుంపు మీద 1950లో ఒక బృహద్గ్రంథం వేశాడు. మన దేశంలో చండీగఢ్ పంజాబ్ విశ్వవిద్యాలయానికి చెందిన కె.ఎస్. థిండ్ 1961లో భారతదేశపు క్లావేరియాల మీద పుస్తకం తెచ్చారు. జర్మనీలో ఒక్క రమారియాల మీదే యోసెఫ్ క్రిస్టాన్ 2008లో లావుపాటి గ్రంథం రాశారు. పంతులుగారి అలమరలో అది ఉంది, వీపు చిరిగి, మధ్యలో కాగితాలు పెట్టి, మన ఇళ్లల్లో పంచాంగంలాగా.

మనం పిల్లల్ని సెన్‌కెన్‌బర్గ్ మ్యూజియానికి డైనోసార్లు చూపించడానికి తీసుకెళ్తుంటాం. ఆ సంస్థ 1817 నాటిది. ప్రజలు చూసే హాళ్లకన్నా, చూడని గదుల్లో ఉన్న ఎండబెట్టిన నమూనాలే దానికి అసలు ఆస్తి. శిలీంధ్రాల చదువుకి మన ఊరికి ఉన్న సంబంధం చిన్నది కాదు. ఫ్రెసేనియస్ అన్న వైద్యుడు ఇక్కడే మైక్రోస్కోపు పెట్టుకుని బూజుల మీద పుస్తకం రాశాడు. ఆయన దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్న కుర్రవాడు ఆంటోన్ డి బారీ, ఇదే ఊళ్లో 1831 జనవరి 26న పుట్టాడు. మనకి గుర్తుపెట్టుకోవడానికి తేలికైన తేదీ. వైద్యం చదివి, ఇక్కడే కొద్దికాలం ప్రాక్టీసు చేసి, ఆ పని వదిలేసి బూజుల వెంట పడ్డాడు. పంటకి తెగులు వస్తే బూజు పుడుతుందని అందరూ అనుకునే రోజుల్లో, కాదు, బూజు వల్లే తెగులు వస్తుందని 1853లోనే రాసినవాడు ఆయన. ఇప్పటికీ ఇక్కడి గోథే విశ్వవిద్యాలయంలో మైకె పీపెన్‌బ్రింగ్ గారి బృందం పనామా, బెనిన్ లాంటి వేడి దేశాల శిలీంధ్రాల మీద ఏళ్ల తరబడి పనిచేస్తూ వచ్చింది.

ఎండబెట్టిన నమూనాలకి అంత విలువ ఎందుకంటారా? ఒక జాతికి పేరు పెట్టడమంటే ఆ పేరుని ఒక్క నమూనాకి ముడివేయడం. కొత్త పేరు పెట్టేవాడు, "ఈ పేరుకి అర్థం ఇదిగో ఈ పొట్లంలో ఉన్నది" అని చెప్పి దాన్ని పదిమందికీ అందుబాటులో ఉండే సంస్థలో దాచాలి. వందేళ్ల తర్వాత తగువు వస్తే వర్ణన కాదు, పొట్లం విప్పి చూస్తారు. ఆస్తి తగాదాలో అసలు దస్తావేజులాంటిది.

దీనికి మంచి ఉదాహరణ ఉంది. జర్మన్ మైకాలజీ సంఘం 2025 సంవత్సరపు పుట్టగొడుగుగా ఒక ఊదారంగు పగడాన్ని ఎన్నుకుంది. ఎరువు ఎరగని పాత పచ్చికబయళ్లలో మొలుస్తుంది. అలాంటి బయళ్లు తగ్గిపోతున్నాయి కాబట్టి అదీ తగ్గిపోతోంది. దాని శాస్త్రీయ నామం క్లావేరియా జోలింగెరి. జోలింగర్ అనే స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు జావా ద్వీపంలో సేకరించిన నమూనా ఆధారంగా 1846లో లెవేయ్ అన్న ఫ్రెంచివాడు పెట్టిన పేరు అది. అంటే జర్మన్ పచ్చికలో మొలిచేదానికి జావా దస్తావేజు! రెండూ ఒకటేనా అని ఎవరికైనా అనుమానం వస్తే తిరిగి తిరిగి ఆ జావా నమూనా దగ్గరికే రావాలి. ఇక మా "అందమైన పగడం", రమారియా ఫార్మోసా, 1797లో పెర్సూన్ పెట్టిన పేరు. ఈయన కథ మనలాంటివాళ్లు తెలుసుకోదగ్గది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో పుట్టాడు, పదమూడేళ్లకి చదువు కోసం ఐరోపా పంపించారు, మళ్లీ సొంత ఊరు చూడలేదు. పారిస్‌లో పేదరికంలో బతుకుతూ, చివరికి తన ఎండిన పుట్టగొడుగుల సేకరణంతా డచ్చి ప్రభుత్వానికి ఇచ్చి, దానికి బదులుగా పింఛను పుచ్చుకున్నాడు. ఆ సేకరణ ఇప్పటికీ లైడెన్‌లో ఉంది.

సరే, మా కథకి వద్దాం. మర్నాటి శనివారం మళ్లీ హోహెమార్క్ వెళ్లాం. ఈసారి ప్లాస్టిక్ లేదు, బ్రెడ్డు కాగితం సంచులు, ఒక నోటుబుక్కు, ఒక కత్తి. పాత గుబుర్లు మెత్తబడిపోయాయి గానీ, ఇరవై అడుగుల దూరంలో లేతవి రెండు లేచి ఉన్నాయి. రాసేది మా అమ్మాయి, చూసి చెప్పేది అత్తయ్యగారు. నన్ను గొడుగు పట్టుకోమన్నారు.

ఆవిడ చెప్పినవి ఆ నోటుబుక్కులోంచి ఉన్నవి ఉన్నట్టు ఇస్తున్నాను. మొదలు: ముల్లంగి మొదలంత తెలుపు, కండగా ఉంది. కొమ్మలు: దోరజామ లోపలి గులాబి. చివళ్లు: నిమ్మపండు పసుపు, పసుపుకొమ్ము విరిచినట్టు చిన్న చిన్న పలుకులు. గిల్లిన చోట: కాసేపటికి కందినట్టు నల్లబడింది. వాసన: చెప్పుకోదగ్గది లేదు, తడిమట్టి. ఎక్కడ: పెద్ద బీచ్ చెట్టు వేరు పక్కన నేలలోంచి, కట్టె తగల్లేదు. పోయినసారి మా ముగ్గురి రంగులూ ఎందుకు తప్పో అప్పుడు తెలిసింది. మొదలు ఒక రంగు, నడుము ఒక రంగు, చివర ఒక రంగు. మేము ముగ్గురం తలో చోట చూశాం. ఆవిడ మొత్తం చూశారు.

పంతులుగారికి ఇదంతా జర్మన్‌లోకి మార్చి చెప్పడానికి మా శ్రీమతికి చెమటలు పట్టాయి. దోరజామకి జర్మన్ మాట ఎక్కడుంది? చివరికి సాల్మన్ చేప మాంసం రంగు అని కుదిరింది. శాకాహారి అయిన మా అత్తయ్యగారికి ఆ అనువాదం సంగతి ఇప్పటికీ చెప్పలేదు. ఆయన చివరనున్న ఒక పలుకు నాలుక మీద పెట్టుకుని, చేదు అని ఉమ్మేశాడు. ఆ పని మనం ఎవ్వరం చేయకూడదు. ఇనుప లవణం కలిపిన నీటి చుక్క కొమ్మ మీద వేస్తే అక్కడ ఆకుపచ్చ మచ్చ లేచింది. ఒక కొమ్మని గాజుపలక మీద పెట్టి రాత్రంతా మూత వేసి ఉంచితే తెల్లారేసరికి దాని బీజాల పొడి రాలి ఉంది, సరిగ్గా గోపీచందనం రంగు. క్లావులీనా అయితే విభూతిలా తెల్లగా పడేదట. ఆ పొడిని మైక్రోస్కోపులో మా అమ్మాయికి చూపించాడు. ఒక్కో బీజం పొడవు మిల్లీమీటరులో నూరో వంతు అటూఇటూ. పైన కాకరకాయ మీద ఉన్నట్టు బొడిపెలు. అది చూశాక పిల్ల మళ్లీ ఫోను తీయలేదు.

మిగిలింది ఎండబెట్టడం. ఆయన దగ్గర నలభై డిగ్రీల దగ్గర నడిచే ఆరబెట్టే పెట్టె ఉంది. ఎప్పుడు తీయాలో గడియారం చూసి చెప్పబోతుంటే అత్తయ్యగారు అడ్డుపడ్డారు. వడియాలకి గడియారం ఉంటుందా? వేలితో తాకి, విదిలించి, "ఇంకా లోపల పదును ఉంది" అని రెండుసార్లు వెనక్కి పెట్టించారు. గలగలమన్నాక గానీ ఒప్పుకోలేదు. లోపల తడి మిగిలిపోతే పొట్లంలో బూజు పడుతుందని, బూజుకే బూజు పట్టించిన ఘనులు చాలామంది ఉన్నారని ఆయన ఒప్పుకున్నాడు. ఆ విషయంలో ఇద్దరికీ భాష అవసరం లేకపోయింది.

పొట్లం మీద చీటీ రాశాడు. తేదీ, చోటు, ఎత్తు, చెట్టు పేరు, సేకరించినవారు: మా అమ్మాయి పేరు, వాళ్ల అమ్మమ్మ పేరు. జాతి పేరున్న చోట "రమారియా సి.ఎఫ్. ఫార్మోసా" అని రాశాడు. సి.ఎఫ్. అంటే ఏమిటని పిల్ల అడిగింది. లాటిన్‌లో "పోల్చి చూడు" అని అర్థమట, దగ్గరగా ఉంది గానీ గట్టిగా చెప్పలేం అన్నప్పుడు పెడతారట. నేను అత్తయ్యగారికి, "రమారమి ఫార్మోసా అన్నమాటండీ" అని చెప్పాను. "రమారియా రమారమి" అని ఆవిడ నవ్విన నవ్వుకి పంతులుగారు ఏమైందని అడిగాడు. అది ఏ భాషలోకీ మార్చడం మా వల్ల కాలేదు.

మరి తేలేది ఎప్పుడు? ఇప్పుడు చివరి మాట జన్యువులది. శిలీంధ్రాల కణంలో ఐటిఎస్ అనే ఒక ముక్క ఉంది, ఇంచుమించు ఆరు వందల అక్షరాలు. జాతిని గుర్తుపట్టడానికి అదే ప్రమాణమని 2012లో శాస్త్రవేత్తలు ఒప్పందానికి వచ్చారు. ఆ అక్షరాలు చదివించి, ప్రపంచం నలుమూలల నుంచి చేర్చిన వాటితో పోల్చాలి. దేనితోనూ కలవకపోతే కొత్తది అయిపోయినట్టేనా? కాదట. పాత పొట్లాల్లో చాలావాటి అక్షరాలు ఇంకా ఎవరూ చదవలేదు. పట్టికలో లేదంటే లోకంలో లేదని కాదు. ఇంకో చిక్కు, పట్టికలో పేర్లు రాసినవాళ్లూ మనుషులే. అమెరికా పడమటి తీరంలో ఫార్మోసా అని పిలుస్తూ వచ్చినవి అసలు ఐరోపా ఫార్మోసాయేనా అన్న అనుమానం ఉంది. ఇన్నీ దాటి కొత్తదే అని తేలితే వర్ణన రాయాలి, నమూనా దాచాలి, పేరుని అంతర్జాతీయ పట్టికలో నమోదు చేయించి నంబరు తీసుకోవాలి. ఆ నంబరు 2013 నుంచి తప్పనిసరి. వర్ణన 1935 నుంచి లాటిన్‌లోనే రాయాలనే నియమం ఉండేది, 2012 జనవరి 1 నుంచి ఇంగ్లీషులో రాసినా చాలంటున్నారు. "తెలుగులో రాస్తే?" అని అత్తయ్యగారు. ఒప్పుకోరండీ అన్నాను. "దోరజామ తెలియనివాళ్లు ఏం రాస్తారు" అని పెదవి విరిచారు.

ఆవిడ మాటలో సగం నిజం ఉందని నాకనిపిస్తుంది. ఇప్పటికి పేరు పెట్టిన శిలీంధ్రాలు లక్షన్నర దాకా ఉంటే, లోకంలో ఉన్నవి 22 లక్షల నుంచి 38 లక్షలు ఉండొచ్చని 2017లో ఇద్దరు నిపుణులు అంచనా వేశారు. పేరు లేనివే ఎక్కువ. మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్య మనోహరాచారి గారి లాంటివారు దశాబ్దాల తరబడి ఈ పని చేశారు. శ్రీకాకుళం నుంచి అరకు దాకా ఉన్న గుగ్గిలం చెట్ల వేళ్లకీ ఇక్కడి బీచ్ చెట్లకి లాగే శిలీంధ్రాలతో పొత్తు ఉంటుంది. ఆ చెట్ల కింద వానాకాలంలో పగడాలు మొలుస్తున్నాయేమో, ఎవరు వంగి చూశారు? ఇది నా ఊహ మాత్రమే. అత్తయ్యగారు మాత్రం ఈసారి వానల్లో చూస్తానన్నారు.

పేరు మాటకి వస్తే, తన పేరు తానే పెట్టుకోవడం ఈ శాస్త్రంలో మర్యాద కాదు, ఇంకొకరు పెట్టాలి. అలా శిలీంధ్రాల పట్టికకి ఎక్కిన తెలుగు పేరు ఒకటుంది. భీమవరంలో 1895లో పుట్టి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలను నడిపించి, 1948లో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీద, హెసెల్టైన్ అన్న శాస్త్రవేత్త 1953లో ఒక ప్రజాతికి సుబ్బారోమైసెస్ అని పెట్టాడు. అది దొరికిన చోటు మురుగునీటిని శుద్ధిచేసే రాళ్ల పడక. మా అమ్మాయి మొహం చిట్లించింది. "మురుగైతేనేం, మన గోదావరి జిల్లావాడి పేరు నిలిచింది" అని వాళ్ల అమ్మమ్మ సర్దిచెప్పింది.

మన సంఘం కుటుంబాలకి ఒక ముఖ్యమైన మాట, ఇది కొంచెం పెద్ద అక్షరాల్లో వేయమని సంపాదకులకి చెప్పాను. ఇక్కడి అడవిలో ఏరినది సలహాదారుకి చూపించకుండా పొయ్యి మీద పెట్టకండి. ఇంటికి వచ్చిన పెద్దవాళ్లకి ముందే చెప్పండి, వాళ్ల మనసు నొచ్చుకోకుండా. ఎవరైనా తిని ఒంట్లో తేడా చేస్తే మైన్జ్‌లోని విషవైద్య కేంద్రం హెస్సెన్ రాష్ట్రానికి కూడా పనిచేస్తుంది, నంబరు 06131 19240, పగలూ రాత్రీ పలుకుతారు. ప్రాణం మీదికి వస్తే 112. మిగిలిన కూరా, చెత్తబుట్టలో వేసిన తొక్కలూ పారేయకుండా వెంట తీసుకెళ్లండి, ఏ జాతో చెప్పడానికి వాళ్లకి అవే ఆధారం.

మా పొట్లం ఇంకా వరసలోనే ఉంది. పంతులుగారి బృందం ఏడాదికి కొన్ని నమూనాలకే అక్షరాలు చదివించగలదు, అందులోనూ అరుదైనవి ముందు. మా అమ్మాయి ఆయన దగ్గరికి నెలకోసారి వెళ్తోంది, ఇప్పటికి తొమ్మిది పొట్లాలు కట్టింది. అత్తయ్యగారు ఫోను చేసినప్పుడల్లా మా ఆరోగ్యాలు అడిగాక, ఇక్కడి చలి సంగతి అడిగాక, తప్పకుండా అడుగుతారు, "మనది ఇంకా రమారమేనా?"

ఇంకా రమారమేనండీ అంటాను.